ప్లాస్టిక్ కవర్లు మాని గుడ్డ సంచులకు మారడం: ఇంట్లోనూ బజారులోనూ పాటించవలసిన పద్ధతి

ప్లాస్టిక్ కవర్లు వాడకూడదని నిర్ణయించుకున్నవారిలో చాలామంది ముందుగా చేసే పని అందమైన గుడ్డ సంచిని ఒకదాన్ని కొనుక్కోవడం. కొన్నాళ్లు అది తలుపు వెనక మేకుకు వేలాడుతుంది, ఆ తరువాత అల్మారాలోకి చేరుతుంది, కూరగాయలు మాత్రం ఎప్పటిలాగే నాలుగైదు పల్చటి కవర్లలో ఇంటికి వస్తూనే ఉంటాయి. వారి సంకల్పానికి వచ్చిన లోటేమీ లేదు. తోపుడు బండి దగ్గర నిలబడినప్పుడు సంచి చేతిలో లేదు, అంతే. కాబట్టి ఎలాంటి సంచి ఎంచుకోవాలన్న విషయంతోపాటు, అది అవసరమైన వేళకు వెంట ఉండేలా ఇంటిని ఎలా సర్దుకోవాలన్నది ఇక్కడ కాస్త విస్తరంగా చెబుతాను.

ముందుగా నిబంధనల సంగతి. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలను సవరించి, అప్పటివరకు 50 మైక్రాన్లుగా ఉన్న క్యారీ బ్యాగుల కనీస మందాన్ని 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెంచింది. 120 మైక్రాన్లంటే మిల్లీమీటరులో దాదాపు ఎనిమిదో వంతు. అంత మందంగా ఉన్న కవరు ఖరీదు ఎక్కువ కనుక వ్యాపారి ఉచితంగా ఇవ్వడనీ, కొన్నవారు ఒక్కసారికే పారేయరనీ, పారేసినా చిత్తుకాగితాలు ఏరుకునేవారికి దాన్ని ఏరితే గిట్టుబాటు అవుతుందనీ ఈ నిబంధన వెనక ఉన్న ఆలోచన. స్ట్రాలు, ప్లేట్లు, గ్లాసుల వంటి వస్తువులను 2022 జూలై 1 నుంచి పూర్తిగా నిషేధించిన జాబితా వేరు. క్యారీ బ్యాగులు ఆ జాబితాలో లేవు, వాటికి వర్తించేది మందం నిబంధన. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, ఊదితే ఎగిరిపోయే కవర్లు రైతు బజార్లలోనూ చేపల మార్కెట్లలోనూ నేటికీ చేతికి అందుతూనే ఉన్నాయి. అమ్మేవారిని తనిఖీ చేయడం అధికారుల పని. తీసుకోకుండా ఉండడం మాత్రం ఈ రోజు నుంచే మన చేతిలో ఉన్న పని.

కొత్త సంచి కొనే ముందు ఇల్లు వెతకండి

గుడ్డ సంచి దానంతట అదే పర్యావరణానికి మేలు చేయదని చెబితే కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. పత్తి పండించడానికి నీరు, ఎరువులు, పురుగుమందులు కావాలి; దాన్ని వడకడానికి, నేయడానికి, అద్దకానికి విద్యుత్తు కావాలి. బ్రిటన్‌లోని పర్యావరణ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పల్చటి కవరుతో పోల్చినప్పుడు భూతాపం విషయంలో లెక్క సరిపోవాలంటే కొత్త నూలు సంచిని 131 సార్లు వాడాలి. ఆ పల్చటి కవరును చెత్తబుట్టలో మళ్లీ వాడుకుంటున్నారని అనుకుంటే ఈ సంఖ్య 327కు చేరుతుంది. 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ చేయించిన అధ్యయనం అన్ని రకాల ప్రభావాలనూ కలిపి చూసి 7,100 సార్లు అని చెప్పింది. అయితే అంత పెద్ద సంఖ్య రావడానికి ముఖ్య కారణం ఓజోన్ పొరకు సంబంధించిన ఒకే ఒక్క కొలమానం, భూతాపం వరకే చూస్తే అదే అధ్యయనంలో ఆ సంఖ్య 52.

ఈ లెక్కలను చూపి ప్లాస్టిక్ కవరే మేలని వాదించేవారున్నారు. వారు గమనించని విషయం ఒకటుంది: ఈ అధ్యయనాలు సంచి తయారీ, రవాణా, పారవేతల వల్ల పర్యావరణం మీద పడే భారాన్ని లెక్కించాయి గానీ, మురుగు కాలువలో అడ్డుపడిన కవరును, ఆవు కడుపులోకి చేరిన కవరును లెక్కలోకి తీసుకోలేదు. అయినప్పటికీ వాటి నుంచి నేర్చుకోవలసినది చాలా ఉంది. వారానికి రెండుసార్లు బజారుకు తీసుకెళ్లే సంచి 131 సార్లు పూర్తిచేయడానికి సుమారు ఏడాది మూడు నెలలు పడుతుంది; గట్టిగా కుట్టిన సంచి అంతకు ఎన్నో రెట్లు మన్నుతుంది. అదే సంచులు పది కొని ఒక్కోదాన్ని అప్పుడప్పుడూ వాడితే ఏ ఒక్కటీ తన ఖర్చు తీర్చుకోదు. ఇక పాత చీర, పాత పంచె, పాత దుప్పటితో కుట్టిన సంచికి ఈ లెక్కే దాదాపు వర్తించదు, ఎందుకంటే ఆ గుడ్డ వేరే అవసరానికి ఏనాడో తయారై, తన పని తాను చేసి ఉంది.

అందుచేత అల్మారా పైఅరలు, బీరువా అడుగు, మంచం కింద పెట్టెలు ఒకసారి వెతకండి. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో ఇచ్చిన తాంబూలం సంచులు, బట్టల దుకాణం వారు చీరతో పాటు ఇచ్చిన సంచులు, సభల్లో పంచిన సంచులు మధ్యతరగతి తెలుగు ఇంట్లో ఏడాదికి సరిపడా దొరుకుతాయి. వాటన్నిటినీ నేలమీద పరిచి, ఏది నిజమైన గుడ్డ, ఏది కాదన్నది ముందుగా తేల్చుకోవాలి.

గుడ్డలా కనిపించే ప్లాస్టిక్

చూడడానికి గుడ్డలా ఉండి, తాకితే కాస్త కాగితంలా అనిపించే సంచులు ఇప్పుడు ఎక్కువగా చెలామణిలో ఉన్నాయి. బట్టల దుకాణాలు, మిఠాయి దుకాణాలు, మందుల దుకాణాలు ఇచ్చేవి చాలావరకు ఇవే. వీటిని నాన్ వోవెన్ సంచులు అంటారు. ఇవి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను సన్నటి పోగులుగా లాగి, వేడితో ఒకదానికొకటి అతికించి చేసినవి. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే నేసిన గుడ్డలో పడుగు పేకలు అడ్డంగా నిలువుగా కనిపిస్తాయి. నాన్ వోవెన్‌లో అవి ఉండవు, వాటికి బదులు వరుసగా నొక్కినట్టున్న చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. అంచును గోటితో గీకితే నూలు గుడ్డలో దారం పోగు విడిగా వస్తుంది, ఇందులో నూగు లేస్తుంది. ఉతికిన తరువాత నీళ్లు పీల్చుకోకుండా త్వరగా ఆరిపోతే అది కూడా గుర్తే.

ఇంట్లో ఇప్పటికే ఉన్న నాన్ వోవెన్ సంచులను పారేయమని నేను చెప్పను. పారేస్తే అది కొత్త చెత్తే. బ్రిటన్ అధ్యయనం ప్రకారం ఇలాంటి సంచిని 11 సార్లు వాడితే పల్చటి కవరుతో లెక్క సరిపోతుంది. గట్టిగా ఉన్నవి అంతకన్నా ఎక్కువే వస్తాయి. ఎండలో మాత్రం ఉంచకండి. సూర్యరశ్మికి ఈ పోగులు పెళుసుబారి, కొన్నాళ్లకు ముట్టుకుంటే పొడిపొడిగా రాలతాయి. ఆ పొడి మట్టిలోకీ నీటిలోకీ చేరితే ఏరడం ఎవరి తరమూ కాదు. వాటిని నీడలో దాచి, ఉన్నన్నాళ్లు వాడి, కొత్తవి తీసుకోకుండా ఉండడమే సరైన మార్గం.

మొక్కజొన్న పిండి వంటి పదార్థాలతో చేసిన, మట్టిలో కలిసిపోతాయని చెప్పే కవర్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో రూపొందించిన ఇలాంటి సంచుల అమ్మకం మొదలైనప్పుడు వీటి గురించి చాలామందికి తెలిసింది. నిజంగా కంపోస్టయ్యే కవరుకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువీకరణ ఉండాలి. అయితే అలాంటి కవర్లలో ఎక్కువ రకాలు పూర్తిగా కుళ్లాలంటే పెద్ద కంపోస్టు కేంద్రాల్లో ఉండేంత వేడి, తేమ కావాలి. కాలువలో పడితే అవి కూడా కొంతకాలం కవర్లే. తప్పనిసరి పరిస్థితిలో అవి మేలే గానీ, సంచి వెంట ఉన్నవారికి వాటి అవసరం రాదు.

జనపనార, గోగునార సంచులు బియ్యం, ఉల్లిపాయలు, బంగాళాదుంపల వంటి బరువులకు చక్కగా పనికివస్తాయి. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో గోగు పండించేవారు, నార సంచుల పరిశ్రమను నమ్ముకున్నవారు ఇప్పటికీ ఉన్నారు కనుక కొనవలసి వస్తే ఈ సంచులు కొనడం నాకు సమ్మతమే. కొనేటప్పుడు లోపలి వైపు చూడండి. చాలా నార సంచులకు లోపల ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. అది లేనిది ఎంచుకోండి.

పాత గుడ్డతో సంచి కుట్టే విధానం

మంచి బజారు సంచికి ముతక నూలు గుడ్డ కావాలి. సోలాపూర్ దుప్పట్లు, మందపాటి కర్టెన్లు, జీన్స్ ప్యాంట్లు దీనికి బాగా నప్పుతాయి. పాత చీర, పంచె పల్చగా ఉంటాయి కనుక రెండు పొరలు కలిపి కుట్టాలి, లేదా వాటిని లోపల వాడే చిన్న సంచులకు కేటాయించాలి. దిండు గలీబు ఉంటే పని ఇంకా సులువు. మూడు వైపులా కుట్టు ముందే ఉంటుంది కాబట్టి పిడులు కుడితే చాలు. గుడ్డ ఏదైనా, చిరుగులు లేని భాగం చూసి కత్తిరించండి. కొత్త నూలు గుడ్డ కొని కుట్టేవారు ముందు దాన్ని నానబెట్టి ఉతికి ఆరబెట్టాలి, లేకపోతే కుట్టిన తరువాత కుదించుకుపోయి సంచి వంకరపోతుంది.

42 సెంటీమీటర్ల వెడల్పు, 96 సెంటీమీటర్ల పొడవు ఉన్న ఒకే ముక్కను కత్తిరించండి. అడుగున అతుకు లేకుండా ఒకే ముక్కను మడవడం వల్ల బరువంతా కుట్టు మీద పడదు. బజారులో సంచి అడుగు ఊడిపోవడం దాదాపు ఎప్పుడూ అడుగు కుట్టు దగ్గరే జరుగుతుంది. ముక్కను సగానికి మడిచి, గుడ్డ బయటి వైపు పైకి కనిపించేలా ఉంచి, రెండు పక్కలా అంచు నుంచి అర సెంటీమీటరు వదిలి కుట్టండి. తరువాత సంచిని లోపలి వైపు బయటకు వచ్చేలా తిరగేసి, అవే పక్కల మీద ఒక సెంటీమీటరు వదిలి మరొక కుట్టు వేయండి. ఇలా రెండుసార్లు వేస్తే గుడ్డ కొసలు కుట్టు లోపలే ఉండిపోతాయి, ఉతికినా దారాలు ఊడవు. తిరగేసి ఉన్నప్పుడే అడుగు మూలలు రెండింటినీ త్రికోణంగా పట్టుకుని, 10 సెంటీమీటర్ల వెడల్పు వచ్చిన చోట అడ్డంగా కుట్టితే సంచికి అడుగు చదునుగా ఏర్పడుతుంది. ఇది చాలా ముఖ్యం. చదునైన అడుగు ఉన్న సంచిలోనే టమాటాలు నలగకుండా వస్తాయి.

పై అంచును ముందు ఒక సెంటీమీటరు, తరువాత మూడు సెంటీమీటర్లు మడవాలి. పిడుల కోసం 10 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవు ఉన్న పట్టీలు రెండు కత్తిరించి, ఒక్కోదాన్ని నాలుగు పొరలు వచ్చేలా పొడవునా మడిచి రెండు అంచుల మీదా కుట్టండి; రెండున్నర సెంటీమీటర్ల గట్టి పిడి తయారవుతుంది. భుజానికి తగిలించుకోవాలనుకునేవారు పొడవును 75 సెంటీమీటర్లకు పెంచుకోవచ్చు. పిడి కొసలను పై అంచు మడత లోపలికి దూర్చి, అక్కడ చతురస్రాకారంగా కుట్టి, దాని మధ్యలో ఇంటూ గుర్తు వేసినట్టు మూల నుంచి మూలకు మరో రెండు కుట్లు వేయాలి. ఐదు కిలోల బరువు లాగేది ఆ నాలుగు చోట్లనే కనుక ఇక్కడ బద్ధకించకూడదు. కుట్టు మిషను లేనివారు వీధి చివర టైలరుకు ఈ కొలతలు చెబితే సరిపోతుంది. చేత్తో కుట్టేవారు రెండు పేటల దారంతో, ప్రతి కుట్టుకూ సూదిని ఒక కుట్టు మేర వెనక్కి తెచ్చి కుట్టాలి.

ఈ సంచిలో ఒక చిన్న కుటుంబానికి మూడు నాలుగు రోజులకు సరిపడే కూరగాయలు పడతాయి. దీనితో పాటు పాత పంచె ముక్కలతో 25 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు ఉన్న చిన్న సంచులు ఐదారు కుట్టి, పైన నాడా దూర్చండి. పచ్చిమిర్చి, అల్లం, బీన్స్, కందిపప్పు వంటివి విడిగా తెచ్చుకోవడానికి ఇవి లేకపోతే పెద్ద సంచి ఉన్నా లోపల మళ్లీ ఆరు కవర్లు చేరతాయి. చాలా ఇళ్లలో గుడ్డ సంచి వాడకం సగంలోనే ఆగిపోవడానికి కారణం ఈ చిన్న సంచులు లేకపోవడమేనని నా అభిప్రాయం.

సంచి ఎక్కడ ఉండాలి

నలుగురున్న ఇంటికి పెద్ద సంచులు నాలుగు, చిన్నవి ఆరు చాలు. ఒకటి స్కూటరు డిక్కీలో లేదా కారులో ఎప్పుడూ ఉండాలి. ఒకటి ఆఫీసుకు వెళ్లేవారి బ్యాగులో మడిచి ఉండాలి, ఎందుకంటే పల్చటి కవర్లలో ఎక్కువ భాగం అనుకుని బజారుకు వెళ్లినప్పుడు రావు. సాయంత్రం తిరిగి వస్తూ దారిలో పండ్లు కనబడి కొన్నప్పుడు వస్తాయి. ఇందుకు పల్చటి చీర గుడ్డతో కుట్టిన సంచి అనువైనది, మడిస్తే జేబులో పడుతుంది. మిగిలిన రెండూ వీధి తలుపు దగ్గర, చెప్పుల స్టాండు పైనో తాళంచెవులు తగిలించే చోటనో ఉండాలి. వంటింట్లో ఉన్న సంచి బజారుకు రాదు.

అసలు మెళకువ సంచిని తిరిగి దాని చోటికి చేర్చడంలో ఉంది. కూరగాయలు దింపుకున్న వెంటనే సంచిని దులిపి, తలుపు దగ్గరకో డిక్కీలోకో చేర్చే వరకు బజారు పని పూర్తి కానట్టే భావించాలి. ఈ పనిని ఇంట్లో పిల్లలకు అప్పగిస్తే చక్కగా సాగుతుంది. వాళ్లు మరిచిపోరు, పెద్దవాళ్లు మరిచిపోతే గుర్తుచేస్తారు. సంచి మరిచిపోయి బజారుకు వెళ్లిన రోజు కొనవలసినవి తగ్గించుకుని చేతుల్లో పట్టినంత తెచ్చుకోవడమో, దుకాణంలో అట్టపెట్టె అడిగి తీసుకోవడమో మంచిది.

బజారులో

రైతు బజారులోనైనా తోపుడు బండి దగ్గరైనా మాట ముందు చెప్పాలి. అమ్మేవారి చేయి కాటాతో పాటే కవరు మీదికి వెళుతుంది. తూచి కవరులో పోసిన తరువాత వద్దంటే ఆ కవరు నలిగి పక్కకు పడుతుంది, మీరు చేసినదానికి ఫలితం ఉండదు. ‘కవరు వద్దమ్మా, సంచిలో పొయ్యండి’ అని బేరానికి ముందే అంటే చాలు. కవర్లను వారు సొంత డబ్బుతో కిలోల లెక్కన కొనుక్కుంటారు కనుక ఎవరూ నొచ్చుకోరు, చాలామంది సంతోషిస్తారు. ఎలక్ట్రానిక్ కాటా ఉన్నచోట ఖాళీ సంచిని ముందుగా దానిమీద పెట్టించి సున్నా చేయించండి. తక్కెడ ఉన్నచోట తట్టలో తూచి సంచిలోకి పోయించుకోండి.

కొనే వరుస కూడా ఆలోచించుకోవాలి. సొరకాయ, దోసకాయ, దుంపలు, ఉల్లిపాయలు మొదట కొంటే అవి అడుగుకు వెళతాయి. వంకాయ, బెండకాయ, దొండకాయ మధ్యన. టమాటాలు, ఆకుకూరలు చివరన. చేమదుంపలకు, కందకు మట్టి ఉంటుంది కాబట్టి వాటికి ఒక చిన్న సంచి విడిగా పెట్టుకోండి.

సూపర్ మార్కెట్లలో ఇబ్బంది వేరే రకంగా ఉంటుంది. బయటి సంచిని లోపలికి రానివ్వని చోట దాన్ని మడిచి కాపలాదారుకు చూపించి జేబులో పెట్టుకోండి, బిల్లు వేసే దగ్గర తీయండి. కూరగాయల విభాగంలో చుట్టగా వేలాడే పల్చటి కవర్లకు బదులు నాడా సంచులు వాడి, ధర అచ్చయిన చీటీని సంచికి అంటించకుండా ఒక కాగితం ముక్క మీద అంటించి లోపల వేయమనండి, సంచి పాడవదు. గుమ్మడి, క్యాబేజీ, అరటిపండ్ల అత్తం వంటివాటికి ఏ సంచీ అక్కరలేదు, చీటీ వాటిమీదే అంటించవచ్చు.

మాంసం, చేపలకు గుడ్డ సంచి పనికిరాదు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా తీసుకెళ్లాలి; కిలో కోడిమాంసానికి రెండు లీటర్ల డబ్బా సరిపోతుంది, చేపలకు కాస్త పెద్దది కావాలి. డబ్బాను తూచి సున్నా చేసిన తరువాతే మాంసం వేయించుకోండి. ఆ డబ్బాను పెట్టుకోవడానికి ఒక సంచిని ప్రత్యేకించి, దాన్ని కూరగాయలకు వాడకండి. కర్రీ పాయింట్లలో సాంబారు, పప్పు, కూరలు కొనేవారికి కూడా ఇదే మాట. మరుగుతున్న సాంబారును పల్చటి కవరులో పోయించి రబ్బరు బ్యాండు చుట్టించుకుని తెచ్చుకోవడం ఆరోగ్యం దృష్ట్యా కూడా మానవలసిన అలవాటు. రెండు గిన్నెల టిఫిన్ క్యారియరు ఇందుకు ఎప్పటినుంచో మన ఇళ్లలో ఉంది.

ఇంటికి తెచ్చాక

కవరులో ఉన్న ఆకుకూర చెమర్చి ఒకటి రెండు రోజుల్లో జిగురు వస్తుంది. గోంగూర, తోటకూర, కొత్తిమీరల వేళ్లు కత్తిరించి, పసుపు పచ్చబడిన ఆకులు ఏరి, తడిపి గట్టిగా పిండిన నూలు గుడ్డలో వదులుగా చుట్టి ఫ్రిజ్‌లో పెడితే తేమ ఉండవలసినంత ఉండి, అదనపు తడిని గుడ్డ పీల్చుకుంటుంది. పచ్చిమిర్చికి మాత్రం పొడి గుడ్డ సంచి కావాలి, తొడిమలు తీసి పెట్టాలి. ఉల్లి, బంగాళాదుంపలను ఫ్రిజ్ బయట, గాలి ఆడే బుట్టల్లో వేర్వేరుగా ఉంచండి.

సంచులను ఉతకడం చాలామంది పట్టించుకోరు. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయం, లోమా లిండా విశ్వవిద్యాలయం పరిశోధకులు దుకాణాలకు వచ్చినవారి 84 సంచులను పరీక్షించినప్పుడు దాదాపు అన్నింటిలో బ్యాక్టీరియా కనిపించింది, వాటి యజమానుల్లో ఎక్కువమంది సంచిని ఎన్నడూ ఉతకలేదు. ఉతికితే 99.9 శాతానికి పైగా బ్యాక్టీరియా పోయిందని కూడా వారే తేల్చారు. నూలు సంచులను వారానికోసారి మామూలు బట్టలతో పాటు ఉతికి, తిరగేసి ఎండలో ఆరవేయండి. మాంసం డబ్బా సంచిని వాడిన ప్రతిసారీ విడిగా ఉతకాలి. నార సంచులను నానబెట్టకూడదు. తడిగుడ్డతో తుడిచి నీడలో గాలికి వేలాడదీస్తే చాలు. వానాకాలంలో ఏ సంచినైనా తడిగా మడిచి పెడితే బూజు వాసన పట్టి, ఆ తరువాత ఎవరికీ దాన్ని ముట్టబుద్ధి కాదు.

చెత్తబుట్టలో ఏం వేయాలి

కవర్లు మానమంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఇదే, ఇది న్యాయమైన ప్రశ్న కూడా. తడి చెత్తకు కవరు అసలు అవసరం లేదు. మూత ఉన్న బకెట్టు అడుగున పాత వార్తాపత్రిక రెండు మడతలు పరిచి, కూరగాయల తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం అందులోనే వేసి, చెత్త బండి వచ్చినప్పుడు నేరుగా వంచేసి బకెట్టు కడగండి. తడి, పొడి చెత్తలను ఇంట్లోనే వేరుచేయాలని ఘన వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. కవరులో ముడివేసిన తడి చెత్తను ఎవరో ఒకరు చేత్తో చించి విడదీయవలసి వస్తుంది. పొడి చెత్తకు పాత బియ్యం సంచి సరిపోతుంది. శానిటరీ ప్యాడ్లు, డైపర్లను వార్తాపత్రికలో గట్టిగా చుట్టి, గుర్తు పెట్టి విడిగా ఇవ్వాలి.

మిగిలిన అన్నాన్నీ పండ్ల తొక్కలనూ కవరులో ముడివేసి వీధి మూల పడేయడం వీటన్నిటికన్నా ఘోరమైన పని. ఆవు ఆ ముడి విప్పలేదు, కవరుతో సహా మింగుతుంది. మింగినది అరగక, బయటకు పోక, పొట్టలో ముద్దగా పేరుకుపోయి మేత పట్టకుండా చేస్తుంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ, మరికొందరితో కలిసి 2012లో ఈ సమస్య మీదే సుప్రీంకోర్టును ఆశ్రయించింది. శస్త్రచికిత్స చేసి పశువుల కడుపుల నుంచి కిలోల కొద్దీ ప్లాస్టిక్‌ను తీసినవారు వారు. పశువుకు పెట్టదలచిన అన్నాన్ని ఆకులోనో తొట్టిలోనో పెట్టండి.

శుభకార్యాలు చేసేవారికి ఒక మనవి

తాంబూలం సంచిని ఎంచుకునేవారు వందల ఇళ్లలోకి ఒకేసారి ఒక వస్తువును పంపుతున్నారు. దాన్ని వాడుకునేలా చేయడం కష్టం కాదు. పల్చటి నాన్ వోవెన్ సంచికి బదులు ముతక నూలు సంచి, కనీసం రెండు కిలోల కూరగాయలు పట్టేంత పెద్దది, చదునైన అడుగు, చేతికి పట్టు దొరికే పిడులు ఉండేలా చేయించండి. దేవుళ్ల బొమ్మలు అచ్చువేయించకండి. భక్తిగలవారు అలాంటి సంచిని నేలమీద పెట్టడానికీ, ఉల్లిపాయలు, కోడిగుడ్లు వేయడానికీ మనసొప్పక దాచేస్తారు, చివరికి అది ఎవరికీ ఉపయోగపడదు. వధూవరుల పేర్లు కూడా పెద్ద అక్షరాలతో కాకుండా అంచున చిన్నగా వేస్తే బజారుకు తీసుకెళ్లడానికి ఎవరూ మొహమాటపడరు.

చిరిగిన సంచి, మిగిలిన కవర్లు

పిడి ఊడిన సంచిని ఆ రోజే కుట్టండి. పక్కన పెడితే అది తిరిగి రాదు. అడుగు అరిగిపోతే లోపలి నుంచి జీన్స్ ముక్క వేసి కుట్టవచ్చు. ఇక ఏ విధంగానూ పనికిరాని నూలు సంచి కొన్నాళ్లు పొయ్యి గట్టు తుడిచే గుడ్డ అవుతుంది. ఆ తరువాత అచ్చు వేసిన భాగాన్ని, పాలిస్టర్ దారపు కుట్లను కత్తిరించి తీసేసి, మిగిలిన గుడ్డను చిన్న ముక్కలు చేసి కంపోస్టు గుంతలో వేయవచ్చు.

ఇంట్లో ఇప్పటికే పోగుపడిన కవర్లను ఒక్కరోజులో వదిలించుకోవాలని తొందరపడకండి. శుభ్రంగా, గట్టిగా ఉన్నవాటిని మడిచి మీరు రోజూ కొనే కూరగాయల బండి వారికి ఇస్తే, సంచి మరిచి వచ్చిన కొనుగోలుదారులకు వారు అవే ఇస్తారు, కొత్త కవర్లు అంత మేరకు తగ్గుతాయి. పాల ప్యాకెట్ల కవర్లను మూల తెగి పడకుండా కత్తిరించి, కడిగి ఆరబెట్టి పోగుచేస్తే పాత సామాన్లు కొనేవారు తీసుకుంటారు. మాసినవి, చిరిగినవి ఒకే సంచిలో కుక్కి పొడి చెత్తతో ఇవ్వండి, విడివిడిగా గాలికి వదలకండి. కాల్చడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.